బాపు వైస్, అమ్మ కొబ్బరికాయలు

మా బాపు పోయాక ఆయన మోటర్ల రిపేరు షాపులోని సామాను తలా ఇంత తీసుకుపోయారు. వైండింగ్ మిషన్, పానాల పెట్టె, టేబుల్ ఫ్యాను కూడా. బల్లకు బిగించిన ఇనుప వైస్ ఒక్కటే మిగిలింది. దాని బరువుకు జడిసి ఎవరూ ముట్టలేదు. సిద్దిపేటలో మేముండే కిరాయి ఇంటికి అమ్మ వచ్చేటప్పుడు దాన్ని కూడా ఆటోలో వేయించుకుని వచ్చింది. బట్టలుతికే బండ పక్కన, రేకుల కింద, పాత చెక్కబల్ల మీద పెట్టించింది.

వైస్ అంటే రెండు ఇనుప దవడలు. పిడి తిప్పితే లోపలి మర తిరుగుతుంది, ఒక దవడ జరిగి రెండోదాన్ని చేరి మధ్యలో పెట్టిన వస్తువును కరిచి పట్టుకుంటుంది. చిన్నకోడూరు వైపు నుంచి రైతులు కాలిపోయిన బోరు మోటర్లను ట్రాలీల్లో వేసుకొచ్చేవాళ్లు. బాపు వాటి షాఫ్టులను అందులో బిగించి పని చేసేవాడు. నా డిగ్రీ చదువంతా ఆ దవడల మధ్య నుంచే వచ్చింది.

బాపు లేని ఇన్నేళ్లలో అమ్మ కూడా సగమే మిగిలింది. పళ్లెంలో సగం వదిలేసి లేస్తుంది. పగలంతా గోడ వైపు తిరిగి పడుకుంటుంది. అమావాస్య నాడు మాత్రం అందరికంటే ముందే లేచి తలస్నానం చేస్తుంది. వైస్‌కు పసుపు రాసి, బొట్లు పెట్టి, దవడ వెనకున్న చదునైన భాగం మీద కొబ్బరికాయ కొడుతుంది. షాపులున్నవాళ్లు, బండ్లున్నవాళ్లు చేసేదే. మాకు షాపు లేకపోయినా ఆమె మానలేదు. ఆ ఒక్క పూట కొంగు నడుముకు చెక్కుకుని, మా అందరినీ కసురుకుంటూ, మా పాత అమ్మలాగా తిరుగుతుంది.

వైస్ బిగుసుకుపోయి చాలా రోజులైంది. దాన్ని బాగుచేస్తే, పిడి మళ్లీ తిరిగితే, మిగతా రోజుల్లో కూడా అమ్మ లేస్తుందేమోనని నాకు ఆశ పుట్టింది. పాప పుట్టినప్పటి నుంచి నాకు అన్నిటికీ భయమే. మెట్లంటే భయం, దగ్గంటే భయం, పాప ఎక్కువసేపు పడుకున్నా భయమే. ఆశపడడానికి నాకు దొరికింది ఇదొక్కటే.

“గదాన్ని పాత సామానోనికి ఏసెయ్యరాదు? గాడ వాషింగ్ మిషన్ పెట్టుకోవచ్చు” అన్నాడు మా ఆయన.

“ముందుగాల నిన్నేస్త” అన్నాను.

నవ్వాడు గాని, ఆదివారం కిరోసినూ ఇనుప బ్రష్షూ తానే తెచ్చాడు.

తడిపి తడిపి గీకాను. ముందు పసుపు పెచ్చులుగా ఊడింది. దాని కింద కుంకుమ, మళ్లీ పసుపు, అన్నిటికంటే కింద తుప్పు. ఆ పొట్టు పాప ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందోనని మాటిమాటికీ నేల కడిగాను. అమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది.

“గట్ల గీకుతవేందే? మీ బాపు దాన్ని పసిపోరగాన్ని తుడ్శినట్టు తుడుస్తుండె.”

“కూసుండి చెప్పుడు కాదు, నువ్వే రా.”

“వస్త తియ్యి. నా చేతులేమన్న అరిగిపోయినయా?”

నిజంగానే వచ్చింది. గుడ్డ తీసుకుని దవడల సందులన్నీ తుడిచింది. ఆ మధ్యాహ్నం మారు అన్నం పెట్టించుకుంది. నేను వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం మా ఆయన పిడికి ఇనుప పైపు తొడిగాడు. ఇద్దరం కలిసి బరువంతా వేశాం. లోపల ఏదో కరకరమంది. ఒక్కసారిగా పిడి తిరిగింది.

“తిరిగిందే! సూడు బిడ్డా, తాత మిషన్ తిరిగింది!” అని అమ్మ పాప చేతులు పట్టి చప్పట్లు కొట్టించింది.

పిడి మరీ తేలిగ్గా తిరుగుతోంది. దవడ మాత్రం కదలలేదు. కింది నుంచి వేలు పెట్టి చూశాను. మర తిరగాల్సిన నట్టులోని గాట్లు తుప్పుకు గుల్లబారి, మేము వేసిన బలానికి రవ్వలా రాలిపోయాయి. వేలికి తెల్లటి జిగట అంటింది. మురిగిన కొబ్బరినీళ్ల వాసన.

అప్పుడు గుర్తొచ్చింది. దసరాకైనా అమావాస్యకైనా అమ్మ షాపుకొచ్చి కొబ్బరికాయ కొట్టి ఇంటికి వెళ్లేది. ఆమె వీధి మలుపు తిరగగానే బాపు వైస్‌నంతా విప్పి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, గ్రీజు పెట్టేవాడు. తర్వాత, అమ్మ ఎక్కడెక్కడ బొట్టు పెట్టిందో సరిగ్గా అక్కడే మళ్లీ పెట్టేవాడు. పక్కన కూర్చుని చూసిన నాకు అది పూజలో భాగమే అనిపించేది.

“దవడ కదుల్త లేదేంది?” అని అడిగింది అమ్మ.

“నీళ్లు దిగినయ్ అత్తమ్మా. తుప్పు తినేసింది” అన్నాడు మా ఆయన.

“వాన నీళ్లా?”

“రేకుల కింద గీడికి వానేడికెళ్లి వస్తది?”

ఆలోచించకుండా అనేశాడు. అన్నాక నా మొహం చూసి ఆగిపోయాడు. అమ్మ వైస్ వెనకున్న చదునైన భాగాన్ని చూసింది. దాని మీద నుంచి దవడ సందులోకి దిగిన చారను వేలితో తడిమింది.

“నేను పోసిన నీళ్లేనా బిడ్డా?”

“కాదమ్మా, పాతదైపోయింది” అన్నాను. ఆ మాట రావడానికి పట్టిన సమయంలోనే ఆమెకు అర్థమైపోయింది.

“మరి మీ బాపున్నప్పుడు గిట్ల కాలే గదా?”

నేను పిడికి తొడిగిన పైపును ఊడదీశాను. అప్పుడు ఎందుకు కాలేదో ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఆయన ఆమె చాటున చేసిన పని కూడా బయటపడుతుంది.

ఇనుము చెక్కే లేత్ షాపులో కొత్త నట్టు చేయించొచ్చని మా ఆయన అన్నాడు. అమ్మ వద్దంది. “మళ్ల నేనే ఖరాబ్ చేస్త.” అంతే, లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది.

వైస్ మీద ఇప్పుడు తుప్పు చుక్క లేదు. నల్లగా, నూనెతో మెరుస్తూ ఉంది. ఆ పసుపు పెచ్చులను తిరిగి అతికించగలిగితే బాగుండునని బట్టలుతికేటప్పుడల్లా అనుకుంటాను. అవతలి గదిలో అమ్మ దగ్గు వింటూ ఇది రాస్తున్నాను. ఆ దగ్గు వినిపిస్తే ఒక భయం, ఆగిపోతే ఇంకో భయం.

నిన్న అమావాస్య. అమ్మ అడగకపోయినా కొబ్బరికాయ తెచ్చి వంటగదిలో ఆమెకు కనబడేటట్టు పెట్టాను. పొద్దెక్కాక లేచింది. తలస్నానం చెయ్యలేదు. కాయను వంటగట్టు అంచుకు కొట్టి, నీళ్లు గ్లాసులో పట్టి పాపకు తాగించింది. కొబ్బరిని పచ్చిమిరపకాయలేసి పచ్చడి చేసింది.

అన్నం తినేటప్పుడు “ఉప్పు సరిపోయిందా?” అని అడిగింది.

సరిపోయిందన్నాను.