బోణీ బేరం కంప్రెసర్

చెడిపోయిన ఏసీకి పాత కంప్రెసర్ వేయించాలన్న నిర్ణయం పూర్తిగా నాదే. అందులో ఎవరికీ వాటా ఇవ్వను. అల్ రయ్యాన్‌లో మేం అద్దెకుంటున్న విల్లా పోర్షన్‌లో, నడి జూలైలో, అందరూ కొత్తది కొనమంటుంటే ఒంటిచేత్తో చేసిన ఘనకార్యం అది.

ఏసీ మాదే. ఇంటాయన గోడలకే అద్దె తీసుకుంటాడు. మెకానిక్ వచ్చి చూసి, కంప్రెసర్ పోయిందని, ఇంత పాతదాని మీద ఖర్చు దండగని చెప్పాడు. మా ఆవిడ, మూడేళ్ల పాప ఊరి నుంచి వచ్చి నెల కూడా కాలేదు. ఈ ఎడారి దేశంలో ఏళ్ల తరబడి లేబర్ క్యాంపులో బతికి, జీతం పెరిగాక తెచ్చుకున్న సంసారం.

"మీరు వెస్ట్ బే ఆఫీసుల స్వెట్టర్ ఏసుకోని కూసుంటరు. గీ ఉడుకుల పిల్ల ఎట్ల పండుతది?" అంది మా ఆవిడ. "ఏదో ఒకటి జెయ్యుండ్రి. మల్ల ఆగిందంటే టికెట్లు తియ్యుండ్రి, మేం పోతం."

కొత్త ఏసీ, బిగింపుతో కలిపి పదిహేను వందల రియాళ్లన్నాడు దుకాణదారు. హైదరాబాదీ పెద్దమనిషి, కొత్తవీ పాతవీ అమ్ముతాడు. చెప్పిన ధరకు కొంటే మా వంశానికే మచ్చ. నాన్నది, బాబాయిలది, మేనమామది, అందరివీ జగిత్యాల బజారులో దుకాణాలే. పొద్దున వచ్చిన బోణీ బేరాన్ని ఏ దుకాణదారూ వెనక్కి పంపలేడని నాకు చిన్నప్పుడే తెలుసు. మర్నాడు ఆయన షట్టర్ ఎత్తుతుండగానే ఎదురుగా నిలబడ్డాను.

పాత కంప్రెసర్ ఆరు వందలన్నాడు. నాలుగు వందలన్నాను.

"అరె భాయ్, నాకు కొన్న రేటు గూడ రాదు."

"బోణీ బేరం భాయ్. వాపస్ పంపుతరా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "దుకాన్‌దార్ కొడుకువా ఏంది?" అని, నోట్లు కళ్లకద్దుకుని గల్లాలో వేసుకున్నాడు. "బోణీ రేటుకు గ్యారంటీ ఉండదు. సమఝయిందా?"

గ్యాసుకూ కూలీకీ ఇంకో రెండు వందల యాభై. గది చల్లబడింది. కొద్ది రోజులు ఇంట్లో మీసం మెలేస్తూ తిరిగాను. రెండో శుక్రవారం, అన్నం ముందు కూర్చున్నప్పుడు, ఏసీ గురగురమని ఆగిపోయింది. మా ఆవిడ అలమర మీది సూట్‌కేసు దించింది. పాప తన చెప్పులు తెచ్చి అందులో పెట్టింది.

మర్నాడు కంప్రెసర్ విప్పించి, టాక్సీలో వేసుకుని షట్టర్ ఎత్తే వేళకే వెళ్లాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"బోణీ కాలే. వాపస్ మాల్ లోపలికి రాదు. దుకాన్‌దార్ కొడుకువి, నీకు జెప్పాల్నా?"

చెప్పనక్కర్లేదు. మా దుకాణంలోనూ అదే పద్ధతి. బోణీ కాకుండా వాపసు సరుకు పట్టుకొచ్చినవాణ్ని బయటే నిలబెట్టేవాళ్లం. ఆ ఇనప ముద్ద పక్కన ఎండలో నిలబడ్డాను. ఒక్క గిరాకీ రాలేదు. ఫోన్ మోగింది.

"టికెట్ల రేట్లు సూస్తున్న" అంది మా ఆవిడ.

ఫోన్ జేబులో పెట్టి గడప దగ్గరికి నడిచాను. "ఇయ్యాల బోణీ నేనే జేస్త. కొత్త ఏసీ, పదమూడు వందల యాభై. ఈ ముద్దకు నూట యాభై కొట్టెయ్యాలె. పొద్దుగూకేలోపు బిగించాలె. కాదంటే ఈడనే నిలబడి, వచ్చిన ప్రతి గిరాకీకి దీని కథ జెప్త."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "యల్లా, లోపలికి రా. నీ అసుంటోడు రోజుకొక్కడొస్తే నేను దుకాన్ బంద్ జేసుకోని హైదరాబాద్ పోత."

సాయంత్రానికి గది చల్లబడింది. సూట్‌కేసులోని చెప్పులు పాప కాళ్లకు చేరాయి. ఇక లెక్క.

పాత కంప్రెసర్ నాలుగు వందలు. గ్యాసు, కూలీ రెండు వందల యాభై. మళ్లీ విప్పిన కూలీ, టాక్సీ కలిపి ఎనభై. కొత్త ఏసీ పదమూడు వందల యాభై. ఇనప ముద్దకు తగ్గింది నూట యాభై. మొత్తం పంతొమ్మిది వందల ముప్పై రియాళ్లు. నోరు మూసుకుని మొదటి రోజే కొంటే పదిహేను వందలు. అంటే నా తెలివి ఖరీదు నాలుగు వందల ముప్పై. చెప్పిన ధరకు మాత్రం కొనలేదు, రాసుకోండి. విమాన టికెట్ల కింద, సున్నా.