ముందు ఒక ఆట ఆడాలె

మా మేనత్త పోయింది. దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను అబిడ్స్‌ల మా దుకాణంలనే ఉన్న. నేను షట్టర్ దించేలోపే పక్క దుకాణాలోళ్లు వాళ్లవి దించిన్రు. ఏడ్చుకుంటనే గర్వపడ్డ. దాచుకునేది ఏమున్నది?

మామ ఉన్నప్పుడు అది రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. ఆయన పోయినంక అత్తమ్మ దాన్ల వాడిన వీడియో గేమ్‌లు, కెమెరాలు, పాత ఫోన్లు కొనుడు, అమ్ముడు పెట్టింది. ఆడామెకు గీ ఆట సామాన్ల యాపారమేందని నవ్వినోళ్లు నవ్విన్రు. ఆమె మాత్రం ముక్కు మీదికి అద్దాలు జారంగ, పల్లీలు నమిలుకుంట, ప్రతి ఆటా ఆడి నేర్సుకున్నది. కారు ఆటలల్ల ఆమెంత అధ్వాన్నంగ నడిపేటోళ్లు హైదరాబాద్ మొత్తంల లేరు. గోడకు గుద్ది, "జరుగు బిడ్డా, జరుగు" అని గోడనే బతిమిలాడేది.

మా దుకాణంల ఒక కాయిదా ఉండె. గేమ్ అమ్మనీకి వచ్చినోళ్లు ఎవరైనా సరే, ఇనుప స్టూల్ మీద కూసొని ముందు ఒక ఆట ఆడాలె. చాయ్ మాది. వాళ్లు ఆడుతుంటే అత్తమ్మ టీవీ దిక్కు చూసేది కాదు, చేతులు చూసేది. పాత సామాన్ల యాపారంల అన్నిటికన్న పెద్ద భయం దొంగ సామాన్. నాంపల్లి స్టేషన్ పక్కనే ఉండె, ఎవరు ఏం సంచి పట్టుకొని దిగుతరో ఎవరికి ఎరుక? "నోరు ఏమన్న చెప్తది, నువ్వు చేతులు చూడు" అనేది నాతోని. రోజూ ఆడినోళ్ల వేళ్లు బటన్లను ఎతుకవు. ఎతికితే సామాన్ వాపస్ ఇచ్చేది. మా తమ్మునిది అంటే, తమ్ముణ్ని తోల్కరా, ఆయనే ఆడుతడు అనేది.

ఒకనాడు ఒక పెద్దమనిషి కానిస్టేబుల్‌ను ఎంబడేసుకొని వచ్చిండు. అద్దాల బీరువాల ఉన్న గేమ్ తనదేనని, ఇంట్ల దొంగతనమైందని అన్నడు. దాన్ని అత్తమ్మ ఒక హాస్టల్ పిల్ల దగ్గర కొన్నది. పక్క ఫోన్ల దుకాణమాయన గడప మీదికొచ్చి, ఇది దొంగ సామాన్ల దుకాణమని నాకు మొదట్నించి అనుమానమే అని అందరికి ఇనపడేటట్టు అన్నడు. ఈ లైన్ల పేరు పోయిందంటే దుకాణం పోయినట్టే. అత్తమ్మ మాత్రం ఆ పిల్లకు ఫోన్ చేసి రమ్మన్నది, కానిస్టేబుల్‌కు చాయ్ చెప్పింది.

పిల్ల ఏడ్సుకుంట వచ్చింది. అత్తమ్మ కొంగుతోని స్టూల్ తుడిచి, ఇద్దర్నీ ఆ గేమ్ మీదనే, దాని రిమోట్‌తోనే ఒక్కో ఆట ఆడమన్నది. ముందు ఆయన కూసున్నడు. కారు ఎన్నిసార్లు తిప్పినా ఎడమ గోడకే గుద్దుకున్నది. రిమోట్ ఖరాబైందని కోపం చేసిండు. తర్వాత పిల్ల కూసున్నది. ఎవరూ చెప్పకముందే బొటనవేలు జర కుడి దిక్కు ఒత్తి పట్టుకున్నది. కారు సక్కగ పోయింది.

"ఖరాబైన మాట నిజమే సార్," అన్నది అత్తమ్మ. "గా పిల్ల వేలుకు ఆ సంగతి ఎన్నడో ఎరుక."

ఆ పెద్దమనిషి గేమ్‌ను ఇటటు తిప్పి చూసిండు. నాది గూడ అచ్చం గిట్లనే ఉంటది, పొరపాటు పడ్డ అన్నడు. అత్తమ్మ ఆయన ముంగట చీటి, పెన్ను పెట్టింది. మీది మా దగ్గరికొస్తే ఆపి పెడ్త, నంబర్ ఇచ్చి పోండ్రి అన్నది. ఆ పొద్దుగూకాల ఫోన్ల దుకాణమాయనకు గూడ చాయ్ పంపింది. నేనైతే పంపకపోదును.

దినాలు అయినంక మొన్న షట్టర్ లేపిన. నాంపల్లిల రైలు దిగి నేరుగ వచ్చిన ఒకాయన సంచిలకెళ్లి గేమ్ తీసి, ఎంతిస్తరు, జర జల్దీ చెప్పుండ్రి అన్నడు. నేను స్టూల్ దిక్కు చూసిన. ఆ కాయిదా చెప్పేది ఎప్పుడూ అత్తమ్మనే, నేను చెప్పింది లేదు. ఇంతల ఫోన్ల దుకాణమాయన లోపలికొచ్చి, స్టూల్ ముంగటికి జరిపిండు.

"ముందు ఒక ఆట ఆడాలె అన్నా. గీ దుకాణం కాయిదా."

రైలు దిగి వచ్చినాయన కూసున్నడు. ఆట షురూ అయింది. మేమిద్దరం చెరో పక్క నిలబడ్డం. ఇద్దరం టీవీ దిక్కు చూడలే.