బోణీ ధర

బోణీ చేసినవాడితో లాయ్ ఎప్పుడూ పేచీ పెట్టుకోదు. వియత్నాంలోని దనాంగ్ ఊళ్లో, సముద్రపు ఒడ్డు సందుల్లో పొయ్యి పెట్టుకుని బతికే ఆడవాళ్లెవరూ పెట్టుకోరు. పొద్దున్నే మొదటి గిన్నె కొన్నవాడు ఎంతిస్తే అంత కళ్లకద్దుకుని తీసుకోవాలి, నవ్వుతూ మాట్లాడాలి. ఆ పూట గంగాళం ఖాళీ అవడమూ మిగలడమూ అతని చేతిలోనే ఉంటుంది. చేపలకు వెళ్లిన మొగుడు తిరిగి రాని ఏడాది నుంచి లాయ్ సందు మొదట్లో కూర్చుని, పసుపురంగు నూడుల్స్‌లో రొయ్యలూ పల్లీలూ వేసి, పైన బియ్యపు అప్పడం నలిపి అమ్ముతోంది. ఆ గంగాళంతోనే కూతుర్ని చదివించింది కూడా.

యోరిస్ అనే హాలెండు కుర్రాడు ఆ సందులో గది తీసుకున్నాక ఆమె దశ తిరిగిందని అందరూ అన్నారు. అతని ఉద్యోగమంతా లాప్‌టాప్‌లోనే. పొద్దున్నే సముద్రంలో ఈది, తడి జుట్టుతో నేరుగా వచ్చి, చిన్న ప్లాస్టిక్ స్టూలు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు. అతను బోణీ చేసిన ప్రతిరోజూ ఎనిమిదికే గంగాళం ఖాళీ. "నీ చెయ్యి మంచిదయ్యా" అనేది లాయ్. గిన్నె నలభై వేల డాంగ్‌లు. ఇక్కడ వేలు చిల్లర కిందే లెక్క. అతని దగ్గర మాత్రం ఇరవై ఐదు వేలే తీసుకునేది. అది బోణీ ధర అని చెప్పలేదు. ఈ సందులో పుట్టిన పిల్లలెవరికీ అది చెప్పనక్కర్లేదు.

తింటూ అతను అన్నీ ఆరా తీసేవాడు. "అక్కా, నెలకి కరెంటు ఎంతవుద్ది? బండి అద్దెకెంత? గదికెంతిస్తారు?" ఆమె తెలిసింది చెప్పేది. ఒకరోజు ఆమెనూ గిన్నెనూ ఫోనులో పట్టి ఏదో చెప్పాడు. వేడి దేశంలో పని చేసుకుంటూ ఎంత చవగ్గా బతకొచ్చో తనలాంటివాళ్లకు చెబుతున్నాడట. తన నెల ఖర్చంతా లెక్క వేసి, "చూడక్కా, ఎంత తక్కువో!" అని మురిసిపోయాడు. ఆ తక్కువ లాయ్‌కు మూడు నెలల సంపాదన. బోణీ వేళ కాబట్టి ఆమె కూడా నవ్వింది.

ఆ వీడియో చూసి విదేశీయులు గుంపులుగా దిగారు. ఫోను చూపించి ఇరవై ఐదే అన్నారు. నలభై అంటే, దొంగను చూసినట్టు చూసి ఇరవై ఐదు బల్ల మీద పెట్టి పోయేవాళ్లు. నలుగురిలో మోసగత్తె అనిపించుకునే కన్నా నష్టమే నయమనుకుంది లాయ్. ఈలోగా గదులకు గిరాకీ పెరిగి, ఇంటావిడ ఆమె గది అద్దె కూడా పెంచింది. ఇంకో నెల ఇలాగే సాగితే పొయ్యి ఆర్పేసి తమ్ముడింట్లో పడి ఉండాల్సిందే. మరదలి చేతి కూడు తిన్న ఆడవాళ్లకు పడి ఉండటమంటే ఏమిటో తెలుసు.

కుర్రాడికి ఒక్క మాట చెబితే పోయేదిగా అంటారు మీరు. ఎప్పుడు చెప్పాలి? రోజూ మొదట వచ్చేది అతనే. బోణీ చేసే మనిషి దగ్గర ధర గురించి రుసరుసలాడితే ఆ పూట ఇంకేముంది? పోనీ మధ్యాహ్నం చెబుదామంటే, డబ్బు మాట కోసం ఒకరి గుమ్మం ఎక్కడం లాయ్‌కు చచ్చినా చేతకాదు.

అతని కన్నా ముందు ఇంకెవరైనా బోణీ చెయ్యాలి. అంత పొద్దున్నే లేచే మనిషి సందులో ఒక్కరే, ఎదురింటి దావ్ పిన్ని. ఆవిడ చెయ్యి మంచిది కాదని పేరు. ఎప్పుడో ఆవిడ బోణీ చేసిన రోజే ఎవరిదో చేపల బండి బోల్తాపడిందట. అప్పటినుంచి ఆవిడ ఎండెక్కితే గాని ఏ కొట్టు దగ్గరికీ రాదు. ఎవరూ రావద్దనలేదు. ఆవిడే రాదు.

ఒకరోజు తెల్లవారుతుండగా దావ్ పిన్ని వాకిలి ఊడుస్తుంటే లాయ్ పిలిచింది.

"పిన్నీ, ఇలా రా. ఓ గిన్నె తిందువుగాని."

"మతి గాని పోయిందా నీకు? ఇంకా బోణీ కాలేదుగా."

"అందుకే పిలిచా."

"వద్దులే తల్లీ. గంగాళం మిగిలితే నన్నంటావు."

"మిగిలితే ఇద్దరం కూర్చుని తిందాం. రా, చల్లారిపోద్ది."

దావ్ పిన్ని చీపురు గోడకానించి, చేతులు కడుక్కుని వచ్చి స్టూలు అంచున కూర్చుంది. మెల్లగా తింది. నలభై తీసి ఇస్తే లాయ్ ఇరవై ఐదే తీసుకుంది. వెనక్కిచ్చిన చిల్లరను ఆవిడ గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

అంతలో యోరిస్ వచ్చాడు. తినడం అయ్యాక లాయ్ "నలభై" అంది.

"రోజూ ఇరవై ఐదే కదక్కా?"

"అది బోణీ చేసినవాళ్లకే. మిగతావాళ్లందరికీ నలభై. నీ వీడియో చూసొచ్చినోళ్లు నా కొంప ముంచుతున్నారయ్యా."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వే బోణీ చేస్తుంటే నీకెలా చెప్పను?"

"అంటే?" అన్నాడతను. దావ్ పిన్ని అందుకుంది. "బోణీ చేసినోడితో గొడవపడితే రోజు పాడవుద్ది, పొడుగోడా. నిన్ను తిట్టడానికని ముందు నన్ను కూర్చోబెట్టింది. నా చేత్తో ఎలాగూ పాడయ్యేదేగా!"

నవ్వుతూనే అంది. అది నిజం కాబట్టి లాయ్‌కు ముల్లులా గుచ్చుకుంది. యోరిస్ మొహం ఎర్రబడింది. నలభై ఇచ్చి, అక్కడే ఫోను తీసి తను చెప్పిన ధర తప్పని మళ్లీ చెప్పాడు.

చెయ్యి మంచిది కానివాళ్లు బోణీ చేస్తే, వాళ్లు వెళ్లాక ఆ కీడు పోవాలని కాగితం వెలిగించి కొట్టు ముందు తిప్పుతారు. లాయ్ పొయ్యి పక్కన కాగితం మడిచి సిద్ధంగానే పెట్టుకుంది. దావ్ పిన్ని తన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. పొగ లేస్తుందేమో అని చూస్తోంది. ఎన్ని కొట్ల దగ్గర అలా చూసి ఉంటుందో! లాయ్ కాగితం చేతిలోకి తీసుకుంది. ఆ కాగితంతో బల్ల మీద ఒలికిన పులుసు తుడిచి చెత్తబుట్టలో వేసింది.

ఆ పూట బేరం మందకొడిగా సాగింది. నలభై అనగానే ఇద్దరు విదేశీయులు లేచిపోయారు. పది దాటినా గంగాళంలో మిగిలే ఉంది. నెలాఖరు తలుచుకుంటే లాయ్‌కు భయం వేయకపోలేదు. మిగిలింది రెండు గిన్నెల్లోకి వంచి, సందు దాటి వెళ్లింది.

"చూశావా, మిగిలింది! నే చెప్పలా?" అంది దావ్ పిన్ని.

"ఇద్దరం తిందామన్నాగా." లాయ్ గుమ్మంలోనే చతికిలబడింది. "రేపు కూడా నువ్వే రావాలి, పిన్నీ."

"రేపెవర్ని తిట్టాలే?"

"ఎవర్నీ కాదు. ఊరికే రా."