తుఫాను రోజు వైరు పట్టుకున్న మేష్టారు

మా ఎదురింటి మేష్టారు ఇక లేరని మొన్న ఆదివారం అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఏడవకే, ఆయనకి నచ్చదు" అని తనే ఏడ్చింది.

ఒడిశా తీరాన ఆర్యపల్లిలో చేపలు అమ్ముకునే ఇంట పుట్టి, బరంపురం కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వీధిలో ఎవరింట్లో నెట్ ఆగినా చెప్పులు మరిచి పరుగెత్తేవారు. వైర్లను ఒడియాలో బుజ్జగించేవారు, తెలుగులో తిట్టేవారు. నేను పుస్తకం పట్టుకుని మాటాపలుకూ లేకుండా నిలబడితే, "ఏటమ్మా, లోపల ఎవులైనా ఉన్నారేటి?" అని నా నెత్తి మీద వేలితో తట్టేవారు.

తుఫాను కబురు వస్తే మా వైపు అందరం నీళ్ళు పట్టుకుంటాం, ఫోన్లూ లాప్‌టాపులూ నిండా చార్జ్ చేసి బ్యాటరీ ఆదా చేసే సెట్టింగులన్నీ పెట్టేస్తాం. ఓ ఏడు తుఫానుకి నేనూ అలాగే పెట్టాను. మర్నాడు నాకు స్కూలు లైబ్రేరియన్ ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు. మేష్టారింట్లో మోడెం మాత్రం చిన్న బ్యాటరీ మీద నడుస్తోంది. నా లాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. దాని వైఫై ఎప్పుడో పాడైంది కాబట్టి మోడెం నుంచి వైరు గుచ్చాం. పోర్టు దగ్గర దీపం వెలగలేదు.

"వైరు పోయిందా, మేష్టారూ?"

"వైరుకేటి, బాగానే ఉంది. నీ పోర్టే నిద్దరోతంది. దానికి కాస్త కరెంటు అందితేనే అవతలోడు ఉన్నాడో లేదో ఇంటాది. ఆదా ఆదా అని దాని నోటికాడ కూడు తీసీసినావు. సూడు, అచ్చం నీలాగే అయిపోనాది. పిలిస్తే పలకదు."

సెట్టింగుల్లో ఒక టిక్కు తీసేశారు. ఆకుపచ్చ దీపం వెలిగింది, అంతలోనే ఆరింది. వైరు కొసన ప్లాస్టిక్ క్లిప్పు విరిగి, అది జారిపోతోంది.

"నువ్వు మాటాడు, నాను పట్టుకుంటాను" అని బొటనవేలితో నొక్కిపట్టి, కెమెరాకి కనబడకుండా నేల మీద కూర్చున్నారు.

మొదట్లో నా గొంతు నాకే వినబడలేదు. కింద నుంచి మేష్టారు రెండో చేత్తో పెంచమని సైగ చేశారు. పెంచాను. నచ్చిన పుస్తకాల గురించి అడిగితే, వాళ్ళే ఆపమనేదాకా చెప్పాను.

ఆ ఉద్యోగమే ఇప్పుడు చేస్తున్నాను. మేష్టారు అంటే నాకు కనబడేది ఆ గదే. ఆయనకి చెయ్యి ఖాళీ లేదని వాళ్ళావిడ వంగి టీ గ్లాసు నోటికి అందిస్తోంది. ఆయన నవ్వు ఆపుకుంటూ గుటక వేస్తున్నారు. ఒక చెయ్యి వైరు వదలడం లేదు. రెండోది ఇంకా, ఇంకా పెంచమంటోంది.