మెస్ అక్క కంద కూర

జావా నేర్చుకోవడానికి అమీర్‌పేట వచ్చిన రోజుల్లో ఎస్.ఆర్. నగర్‌లో ఒక అక్క నడిపే మెస్‌లో తినేవాణ్ణి. ఆవిడ గొంతెత్తితే వీధి చివరిదాకా వినపడేది. ఆవిడకి తెలిస్తే ఊరికి తెలిసినట్టేనని అందరం భయపడేవాళ్ళం.

పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని నాకు మొలలు వచ్చాయి. కూర్చోలేక గోడకి ఆనుకుని తింటుంటే అక్క దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది.

"మొలలా తమ్మీ?"

సిగ్గుతో తలూపాను.

"ఫికర్ చెయ్యకు. కారం బంద్ చెయ్, నీళ్ళు మస్తు తాగు. రక్తం పడితే మాత్రం డాక్టర్ దగ్గరికి పో."

మర్నాటి నుంచి నా మజ్జిగలో చిటికెడు కరక్కాయ పొడి కలిపేది. మొలలకి కంద మంచిదట; ఆ కూర నాకొక్కడికే పెడితే బయటపడుతుందని రోజూ అందరికీ అదే వండేది.

వారం తిరిగేసరికి నాకు నొప్పి తగ్గింది, మిగతావాళ్ళకి విసుగొచ్చింది.

"రోజూ ఈ కందేంటక్కా? ఎవరికోసం?" అని నా రూమ్మేట్ అరిచాడు. నేను ప్లేటులోకి తల వంచేశాను.

అక్క గరిటె పట్టుకుని బయటికొచ్చింది. "నాకు మొలలైనయ్ రా! నాకోసమే వండుతున్న. తింటే తిను, లేకుంటే పో!"

మెస్సంతా పకపకా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వుతూ, అక్క నా ప్లేటులో ఇంకో గరిటె కంద వేసింది.