గడపలు లేని రోడ్డు

చేపల గంప ఎత్తుకున్నవాళ్ళు నడవరు, అలాగని పరిగెత్తరు. ఆ రెంటికీ మధ్య మాకొక నడక ఉంది. మెడ కదలకూడదు. మోకాళ్ళు వంగీ వంగనట్టుండాలి. ఒక చెయ్యి గంప అంచు మీద ఉంటే రెండోది గాలిలో ఊగుతుండాలి. నిజాంపట్నం హార్బరులో వేలం అయిపోగానే ఆడవాళ్ళం ఆటోల దగ్గరికీ అలాగే పోతాం, ఆటో దిగి వీధుల్లోకీ అలాగే పోతాం. ముందు ఎవరి కేక వినిపిస్తే బేరం వాళ్ళది. పెళ్ళై వచ్చిన కొత్తలో మా అత్త నాకు నేర్పిన మొదటి పని అదే. ఇప్పుడు నాకు డెబ్భై దగ్గర పడింది. మొన్న మొన్నటిదాకా రేపల్లెలో అవే వీధులు, అదే నడక.

పోయిన వానాకాలంలో ఆ వీధుల్లోనే ఒక ఇంటి ముందు నాకు కళ్ళు తిరిగాయి. నేను పడలేదు, కూర్చున్నాను. ఆ ఇంటావిడ మాత్రం మా అబ్బాయికి ఫోను చేసి, మీ అమ్మ పడిపోయిందని చెప్పింది. అక్కడ మొదలైంది గోల. మా అబ్బాయి తెనాలిలో ఒక బ్యాంకులో గుమాస్తా. ఫోను చేసినా, ఎదురుగా కూర్చున్నా ఒకటే మాట: గంప దించెయ్యమ్మా అని. నా కాళ్ళు ఆడినన్నాళ్ళు దించనని నేను. ఇద్దరం మొండివాళ్ళమే. వాడికి ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో అడగక్కర్లేదు.

మా కోడలు పరాయిపిల్ల కాదు, మా అన్నయ్య కూతురే. తెనాలిలో బడిలో పాఠాలు చెబుతుంది. ఇంటి చాకిరీ, బడి చాకిరీ చాలనట్టు ఈ మధ్య తెల్లారి లేచి, బూట్లు వేసుకుని, మరికొందరు ఆడవాళ్ళతో కలిసి మైదానం చుట్టూ పరిగెత్తుతోంది. ఒక ఆదివారం నేను తెనాలి వెళ్ళినప్పుడు అన్నాలు తింటూ ఆ పరుగుల సంగతి ఎత్తింది.

"బాపట్లలో హాఫ్ మారథాన్ పెడుతున్నారత్తా. పేరిచ్చాను. సూర్యలంక దాకా వెళ్ళి వెనక్కి రావడం. ఇరవై ఒక్క కిలోమీటర్లు."

"అక్కడ ఏం అమ్ముతారే?"

"ఏమీ అమ్మరు. పరిగెత్తడమే."

"వట్టి చేతులతో పోయి వట్టి చేతులతో రావడమా? దానికి ఎంతిస్తారు?"

"ఇవ్వరు. మనమే కట్టాలి."

నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "ఒంట్లో ఓపిక ఊడ్చుకోవడానికి ఎదురు డబ్బులిస్తున్నారా! బడిలో పిల్లలకి లెక్కలు చెప్పేది నువ్వేనా?"

"నేను చెప్పేది తెలుగులే," అని నవ్వింది.

"నేను రోజూ తిరిగేది మాత్రం తక్కువా? నాకెవరైనా మెడలో బిళ్ళ వేశారా?"

"అయితే రా మరి నాతో. వేయించుకుందువుగాని."

ఇంతలో మా అబ్బాయి అందుకున్నాడు. "అవునమ్మా, వెళ్ళు. పూర్తి చేశావనుకో, ఈ జన్మలో మళ్ళీ గంప ఊసెత్తను. మధ్యలో వ్యాను ఎక్కావనుకో, గంప దించెయ్యాలి. సరేనా?"

వ్యాను సంగతి కోడలు చెప్పింది. కొంత పొద్దెక్కాక రోడ్డును మామూలు బండ్లకి వదిలేస్తారట. అప్పటికీ వెనకబడి ఉన్నవాళ్ళ దగ్గరికి ఒక వ్యాను వస్తుందట. ఎక్కితే ఎక్కవచ్చు, ఎక్కకపోతే రోడ్డు పక్కన నడుచుకుంటూ రావచ్చు, ఎంతసేపైనా కాచుకుని ఉంటారట.

"సరే," అన్నాను.

నాకు కోపం వచ్చి లేచిపోతానని వాడు అనుకుని ఉంటాడు. సరే అనేసరికి వాడి మొహం మాడింది. మర్నాడు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి బీపీ చూపించాడు. ఆ డాక్టరు కూడా మెల్లగా నడిస్తే ఫర్వాలేదనేసరికి వాడికి తప్పించుకునే దారి లేకపోయింది.

బూట్లు కొంటానంటే నేను ఒప్పుకోలేదు. ఒక్క పూట కోసం బూట్లేంటి? కోడలి పాతవి వేసుకున్నాను. కాస్త పెద్దవైతే వేళ్ళ దగ్గర చీర పేలికలు కుక్కాను. పరుగు పెట్టేవాళ్ళిచ్చిన బనీను జాకెట్టు మీద తొడుక్కుని, చీర మా పద్ధతిలో గోచీ పోసి కట్టి, నంబరు కాగితాన్ని నా మంగళసూత్రాల పిన్నీసులతోనే గుచ్చాను. కోడలు నన్ను ఎగాదిగా చూసి, "ఇంకా నయం, గంప తెచ్చుకోలేదు," అంది. ముందురోజు సాయంత్రమే రైల్లో బాపట్ల చేరి, కోడలి స్నేహితురాలి ఇంట్లో పడుకున్నాం.

తెల్లారి బయటికి వస్తే చలి చెవుల్లో దూరింది. సముద్రంలో వాయుగుండం ఉంది. రెండు రోజులుగా మావాళ్ళ బోట్లు ఒడ్డునే ఉన్నాయి. గాలి వాయవ్యం నుంచి కొడుతోంది. దారిలో కట్టిన గుడ్డ బ్యానర్లు తెగిపోతాయేమో అన్నట్టు కొట్టుకుంటున్నాయి. ఆ గాలి సూర్యలంక పోయేటప్పుడు వీపు మీద ఉంటుందని, వచ్చేటప్పుడు మొహాన ఉంటుందని నాకు చూడగానే తెలిసింది. తెలిసి కూడా నేను చేసిన పని చూడండి.

విజిల్ వెయ్యగానే నేను గంప నడక అందుకున్నాను. వెనక నుంచి గాలి తోస్తోంది. కుర్రకారు నన్ను దాటిపోతూ "కానీ మామ్మా, కానీ!" అని చప్పట్లు కొట్టారు. వాళ్ళలో సగం మందిని ఊరు దాటకముందే నేను దాటేశాను. తల మీద బరువు లేకపోతే చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు గానీ, కాళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి.

కోడలు నా పక్కకి వచ్చి రొప్పుతూ అంది: "మెల్లగా అత్తా! మొదట్లోనే అంత జోరేంటి? చివర్లో ఓపిక కావద్దూ?"

"చివర్లో ఓపికెందుకే? అప్పటికి గంప ఖాళీ అయిపోతుందిగా."

అని, నోటి నుంచి మాట జారాక, నాకే నవ్వొచ్చింది. అదీ నవ్వింది. కానీ నా కాళ్ళు నవ్వలేదు, అవి ఆ మాటే నమ్మాయి. ఇన్నేళ్ళూ వాటికి తెలిసింది అదే కదా. మొదటి వీధిదాకా ప్రాణం పెట్టి పోవాలి. ఆ తర్వాత ఒక గడప దగ్గర దించుతాం, కూర్చుంటాం, బేరమాడతాం, కత్తిపీట మీద రెండు చేపలు కోసిస్తాం, మంచినీళ్ళు తాగుతాం. మళ్ళీ ఎత్తుకునేసరికి గంప కాస్త తేలిక. గడప గడపకీ తేలిక. నేను ఎంత దూరం తిరిగినా నిండు గంపతో తిరిగింది మాత్రం కొంచెమే.

సూర్యలంక దగ్గర సముద్రం మురికి రంగులో ఉంది. వెనక్కి తిరిగే చోట నీళ్ళు, అరటిపళ్ళు ఇస్తున్నారు. ఊరికే ఇస్తుంటే వదలడం దేనికని రెండు పళ్ళు కొంగున కట్టుకున్నాను. ఒకటి తిన్నాను. తిరిగి రెండడుగులు వేశానో లేదో, గాలి వచ్చి గుండెల మీద చెయ్యిపెట్టి నెట్టినట్టయింది.

సరుగుడు తోటలు ఉన్నంతవరకు ఎలాగో వచ్చాను. ఇసుక రేగి కళ్ళల్లో పడుతోంది. తోటలు అయిపోయి పొలాలు వచ్చాక ఇక అడ్డమే లేదు. కొంగు వెనక్కి ఎగిరి మెడకు బిగుసుకుంది. కాలి బొటనవేలు దగ్గర పేలికలు జరిగి పొక్కు లేచింది. నన్ను చూసుకుంటూ కోడలు ఆగి ఆగి నడుస్తోంది.

"నువ్వు పో," అన్నాను.

"నిన్ను వదిలేసి పోతే మీ అబ్బాయి నన్ను ఇంట్లోకి రానివ్వడు."

"నువ్వు డబ్బులు కట్టింది నన్ను చూడ్డానికా? ఆ కట్టింది దండగ చేశావంటే నేనే రానివ్వను. పో!"

గసిరితే పోయింది. వెనక్కి చూసుకుంటూ, చూసుకుంటూ, వంపు తిరిగి కనబడకుండా పోయింది.

అక్కడ నుంచి నేనొక్కదాన్నే. ముందెవరూ లేరు. వెనక ఎవరైనా ఉన్నారేమో తిరిగి చూసే ఓపిక లేదు. రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళు నిలిచిన పొలాలు. ఒక ఇల్లు లేదు, ఒక అరుగు లేదు. "చేపలమ్మాయ్, ఏం తెచ్చావు?" అని పిలిచేవాళ్ళు లేరు. డెబ్భై ఏళ్ళదాన్నైనా రేపల్లెలో నేను చేపలమ్మాయినే. దించుకోవడానికి ఒక గడప దొరికితే బాగుండనిపించింది. అయినా దించడానికి నా తల మీద ఏముంది? ఏమీ లేదు. ఏమీ లేకపోయినా ప్రతి అడుగుకీ బరువు పెరుగుతోంది.

అప్పుడు ఇంకొకటి తట్టింది. ఈ మధ్య గంప ఖాళీ కావడం లేదు. మోటారు బండి మీద మంచుపెట్టెలో చేపలు తెచ్చి గుమ్మం ముందు హారను కొట్టేవాళ్ళు వచ్చారు. ఫోన్లో చెబితే కోసి, కడిగి, డబ్బాలో పెట్టి ఇచ్చేవాళ్ళు వచ్చారు. రెండు మూడేళ్ళుగా సగం గంప మోసుకునే వెనక్కి వస్తున్నాను. ఇంటికొచ్చి మిగిలినవి ఉప్పు వేసి ఎండబెట్టుకుంటున్నాను. అలా వచ్చేటప్పుడు కాళ్ళు లాగుతుంటే వయసు అనుకున్నాను, ఎండ అనుకున్నాను, ఆ రోజు కళ్ళు తిరిగితే టిఫిన్ తినలేదు అనుకున్నాను. అలసిపోయాననే మాట మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. మా ఇళ్ళలో ఆ మాట ఆడవాళ్ళు అనగా నేను వినలేదు. మా అత్త అనలేదు, మా అమ్మ అనలేదు.

వ్యాను ఎప్పుడొచ్చిందో గాలి హోరులో వినబడలేదు. పక్కకొచ్చి మెల్లగా నాతో సమానంగా నడిచింది. డ్రైవరు అద్దం దించి తల బయటపెట్టాడు.

"మామ్మగారూ, రోడ్డు వదిలేశారండి. ఎక్కుతారా?"

"ఇంకా ఎంతుంది?"

"చాలానే ఉందండి. ఊరు కూడా కనబడలేదుగా."

"నడుస్తాలే."

"నడవండి. మీ పక్కనే వస్తుంటాను."

వచ్చాడు. కసరలేదు, తొందర పెట్టలేదు. అతను తొందర పెట్టి ఉంటే ఆ రోషానికి ఇంకాస్త దూరం నడిచేదాన్నేమో. కొంతసేపయ్యాక నేనే ఆగాను. తలుపు తీశాడు. మెట్టు ఎక్కడానికి కాలు లేవలేదు. లోపల ఉన్న ఒక పిల్ల చెయ్యి అందించింది. వ్యానులో నలుగురైదుగురు ఉన్నారు, అందరూ నా మనవలంత వాళ్ళు. ఒకడు మడమ పట్టుకుని కూర్చున్నాడు. ఒకమ్మాయి మొహం కిటికీ వైపు తిప్పుకుని ఉంది.

"మోకాలు పట్టేసిందా మామ్మగారూ?" అని అడిగాడు డ్రైవరు.

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి నాయనా. అలసిపోయాను."

తలుపు వేశాడు. అంతే, గాలి ఆగిపోయింది. ఆ సీటులో కూర్చున్నాక నా ఒంట్లో ఏ ముక్క ఎక్కడుందో ఒక్కొక్కటిగా తెలిసింది. ఓడిపోయినందుకు ఏడుపు రావాలి గదా, రాలేదు. హాయిగా ఉంది. అంత హాయిగా ఉన్నందుకు సిగ్గేసింది. మిగిలిన అరటిపండు కొంగులో నలిగిపోయి ఉంటే, పారెయ్యబుద్ధి కాక తినేశాను.

పరుగు మొదలైన మైదానం దగ్గర మా అబ్బాయి నిలబడి ఉన్నాడు. కోడలు మెడలో బిళ్ళ ఉంది. నేను వ్యాను దిగడం చూసి ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. గెలిచినవాడి మొహం కాదు వాడిది.

"అమ్మా, నేనేదో మాటవరసకి అన్నాను. ఇంత గాలిలో కుర్రాళ్ళే పోలేకపోయారు. ఇది లెక్కలోకి రాదు. నీకంతగా ఉంటే వారానికి రెండు రోజులు వెళ్ళు."

"బేరం తెగాక మళ్ళీ బేరమేంట్రా? గంప దించేశాను."

"నాకోసం కాదు కదమ్మా?"

"నీకోసం వ్యాను ఎక్కుతానట్రా నేను? కాళ్ళు లాగి ఎక్కాను. పద, ఎక్కడైనా వేడిగా టీ తాగించు."

కోడలు కింద కూర్చుని నా బూట్లు విప్పింది. పొక్కు చూసి నాలుక కరుచుకుంది. బిళ్ళ తీసి నా మెడలో వెయ్యబోతే చెయ్యి తోసేశాను. దాని చెమట దానిది.

వాయుగుండం పోయి బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిన రోజు నేను రేపల్లె వెళ్ళాను, వట్టి చేతులతో. అన్నేళ్ళు నమ్మి కొన్నవాళ్ళకి చెప్పకుండా మానెయ్యడం పద్ధతి కాదు. ఇల్లిల్లూ తిరిగి, ఇక నేను రానని, మా వీధిలో ఉండే ఫలానా పిల్ల వస్తుందని, అది తూకంలో మోసం చెయ్యదని చెప్పాను. కొందరు అయ్యో అన్నారు. కొందరికి నేను వస్తున్నానన్న సంగతే గుర్తున్నట్టు లేదు. నేను కూర్చుండిపోయినప్పుడు ఫోను చేసిన ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది:

"ఏం తెచ్చావు?"

"ఏం తేలేదండి."

"పోనీ రేపు పండుగప్ప తీసుకురా. మా అల్లుడు వస్తున్నాడు."

"రేపూ తేనండి. మానేశాను."

"మానేశావా? మరి పండుగప్ప ముక్కలు ఎవరు కొట్టిస్తారు? ఆ బండివాడు కొడితే అంతా చిదిమేస్తాడు."

"పిల్లకి నేర్పి పంపుతానండి."

"మొదటిసారి నువ్వే దగ్గరుండి చూపించు," అంది. సరేనన్నాను. గంప దించానన్నానే గానీ కత్తిపీట దించానని ఎవరికీ మాటివ్వలేదు.

చేపల గంప ఉంటే బస్సులో వాసనంటారు, అందుకని ఇన్నేళ్ళూ నాకు ఆటోనే గతి. ఆ రోజు బస్సు ఎక్కాను. ఎవరూ పక్కకి జరగలేదు, ముక్కు మూసుకోలేదు. కిటికీ పక్క సీటు దొరికింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. రేపల్లె దాటడం చూశాను. ఆ తర్వాత ఏమీ చూడలేదు. కండక్టరు భుజం తట్టి లేపుతున్నాడు.

"పెద్దమ్మా, నిజాంపట్నం వచ్చేసింది. అందరూ దిగిపోయారు. దిగవా?"

"దిగుతాను బాబూ," అన్నాను. అన్నానే గానీ ఇంకాసేపు అలాగే కూర్చున్నాను.