తోడేళ్ల తరఫు మనిషి

మా బావ ఇక లేడు. మంగళవారం మస్కట్ ఆస్పత్రి నుంచి మా రోడ్ల కంపెనీ సైట్ ఆఫీసుకు ఫోన్ వచ్చింది. పరుగున వెళ్లేసరికి అక్క ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉంది, ఏడవకుండా. చూసి నేనే ముందు బావురుమన్నాను. ఇంకా తేరుకోలేదు.

బావ పశువుల డాక్టరు. గుడివాడ దగ్గర గేదెలకు సూదులు వేసుకునే మనిషి, ఒమాన్ కొండల్లో మేకల పాలబడ్డాడు. ఇక్కడ తోడేలును చంపితే, మిగతావి చూసి జడుసుకోవాలని చెట్టుకు వేలాడదీస్తారు. అడవి జంతువులను చంపకూడదని ఈ మధ్య ప్రభుత్వం చట్టం తెచ్చింది. తోడేలునూ చంపకూడదని ఊరూరా చెప్పే పని బావకు పడింది. శుక్రవారం సెలవు కదా అని నేనూ జీపెక్కేవాణ్ణి.

"మనుషులకే దిక్కు లేదు, తోడేళ్లకు వకీలువా బావా?" అని ఏడిపించేవాణ్ణి.

"మనుషులకైతే నోరుందిరా బామ్మర్దీ. మేకను కాచుకోవడం మన పని. ఆకలి దాని పని," అనేవాడు.

ఏ దొడ్డికి వెళ్లినా ముందు మేకల గడ్డం కింద నిమిరేవాడు, తర్వాతే మనుషులకు సలాం. అందుకే కాబోలు, ఒక కొండ ఊళ్లో మొండి మేకలాయన, "చట్టం సంగతి నాకు తెలీదు. నీ మాట మీద తుపాకీ పక్కన పెడుతున్నా డాక్టర్," అన్నాడు. ఆ రోజు తిరుగు దారంతా బావ పాటలే.

ఆ ఊళ్లోనే తర్వాత పిచ్చికుక్క ఒకరిని కరిచింది. కుక్కల కోసమని బావ విషం కలిపిన మాంసం పెట్టించాడు. పొద్దున చూస్తే ఎండిన వాగులో ఆడతోడేలు చచ్చి పడి ఉంది. పాలిచ్చే తల్లి. బావ దాని పక్కన కూలబడిపోయాడు. కాసేపటికి భుజాన వేసుకుని తిన్నగా మేకలాయన గుమ్మానికి నడిచాడు.

"నేనే చంపాను," అన్నాడు.

మేకలాయన దాని వంక చూశాడు. "మేం చంపితే జైలు. నువ్వు చంపితే?"

"నాకూ అదే. ఆఫీసులో నేనే చెప్పుకుంటాను."

చెప్పుకున్నాడు కూడా. పై అధికారి మందలించి వదిలేశాడు. మేకలాయన మాత్రం ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా కాఫీ పోశాడే గాని తుపాకీ మళ్లీ పట్టాడో లేదో చెప్పలేదు. బావకు ముద్ద దిగేది కాదు. జబ్బు చేసి ఆస్పత్రిలో చేరాక నన్నడిగిన ఆఖరి మాట కూడా అదే: "ఆ ఊరినుంచి కబురేమన్నా వచ్చిందిరా?" రాలేదన్నాను. అప్పటి బావ మొహం నేను మరిచిపోలేను.

నిన్న బావ పోయిన కబురు చెప్పడానికి ఆయన జీపులోనే ఆ ఊరు వెళ్లాను. మేకలాయన దొడ్డి చుట్టూ ముళ్లకంప పేరుస్తున్నాడు. నన్ను చూడగానే, "రాత్రి తోడేలు మేకపిల్లను ఎత్తుకుపోయింది. తుపాకీ ముట్టుకోలేదు, కంచె గట్టి చేసుకుంటున్నా. డాక్టర్‌ని దిగమను, చూపిస్తా," అంటూ ఒక కంప నా చేతికిచ్చాడు.

కంప పట్టుకుని ఎండలో అలాగే నిలబడిపోయాను. ఆయన నా భుజం మీదుగా జీపులోకి తొంగి చూస్తున్నాడు, డాక్టర్ ఇంకా దిగడేమిటా అని.